మడమ నొప్పి: ఎక్స్‌రే చెప్పింది ఒకటి, కాలు చెప్పింది ఇంకొకటి

మంచం దిగే ముందు ఎడమ కాలి వైపు ఒకసారి చూసుకోవడం మూడేళ్లుగా నాకు అలవాటైపోయింది. రెండు పాదాలూ నేలకు ఆనిస్తాను. బరువంతా కుడి కాలి మీద వేసి, మంచం పట్టె పట్టుకుని లేస్తాను. అయినా మొదటి అడుగులో మడమ కింద మేకు దిగినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్లేసరికి అది కాస్త సర్దుకుంటుంది. బడిలో నాలుగో పీరియడ్ అయ్యేసరికి ఇంకో నొప్పి మొదలవుతుంది. అది పోటు కాదు, మంట. మడమ లోపలి అంచు నుంచి చీలమండ వైపు పాకుతుంది. ఈ రెండూ ఒకటే నొప్పి అని రెండేళ్లు అనుకున్నాను. నాకు వైద్యం చేసినవాళ్లూ అలాగే అనుకున్నారు.

మొదట చూసిన ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించారు. ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, మడమ ఎముక అడుగున కొక్కెంలా ముందుకు వచ్చిన చిన్న మొనను పెన్నుతో చూపించి, "ఎముక పెరిగిందమ్మా" అన్నారు. అంతే. ఆ మాట ఇంటికి వచ్చింది, బంధువుల దాకా వెళ్లింది, తర్వాత చూపించుకున్న ప్రతి చోటా నాకంటే ముందే గదిలోకి వెళ్లి కూర్చుంది. నొప్పి ఏ వేళకు వస్తుందో, ఎక్కడ మొదలై ఎటు పోతుందో నేను చెప్పబోతే, "ఎక్స్‌రేలో కనిపిస్తోంది కదా" అనే జవాబు వచ్చేది.

ఎముక పెరగడం అబద్ధం కాదు. ఆ మొన నా కాలిలో ఇప్పటికీ ఉంది. నా నొప్పికి కారణం అదేనా అన్నది మాత్రం వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి నాకు రెండేళ్లు పట్టింది. నాలాంటివాళ్లకు అంత కాలం పట్టకూడదనే ఈ వ్యాసం.

విల్లు, నారి

మన పాదంలో 26 ఎముకలు ఉంటాయి. అవి బల్లపరుపుగా పేర్చినట్టు కాకుండా, విల్లులా వంపు తిరిగి ఉంటాయి. ఆ విల్లుకు నారి లాంటిది ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పొర. దీన్ని అరికాలి పట్టీ అనుకుందాం. మడమ ఎముక అడుగున, లోపలి వైపు మొదలై, విసనకర్రలా విచ్చుకుంటూ వేళ్ల మొదళ్ల దాకా వెళ్తుంది. కుర్చీలో కూర్చుని, కాలి బొటనవేలిని చేత్తో పైకి వంచి చూడండి. అరికాలిలో ఒక తాడు బిగుసుకున్నట్టు తెలుస్తుంది, పాదం వంపు కొంచెం లేస్తుంది. బావి దగ్గర ఇరుసుకు చేంతాడు చుట్టుకుంటే బొక్కెన పైకి వచ్చినట్టే, వేళ్లు వంగితే ఈ పట్టీ బిగిసి వంపును ఎత్తుతుంది. హిక్స్ అనే పరిశోధకుడు 1954లో ఈ పనితీరును వివరించాడు. నడిచేటప్పుడు మడమ లేచిన ప్రతిసారీ ఈ ఇరుసు తిరుగుతూనే ఉంటుంది.

ఆ పట్టీ మడమ ఎముకను పట్టుకునే చోట దెబ్బతింటే వచ్చే నొప్పికి ప్లాంటార్ ఫేషియైటిస్ అని పేరు. మడమ కింద వచ్చే నొప్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. రాత్రంతా పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ కురచబడి బిగుసుకుంటుంది. పొద్దున్నే దాని మీద ఒక్కసారిగా బరువు పడి సాగేసరికి ప్రాణం జివ్వుమంటుంది. పది అడుగులు వేస్తే సడలుతుంది. చాలాసేపు కూర్చుని లేచినప్పుడూ ఇదే వరుస. మడమ అడుగున, లోపలి వైపుకు కొంచెం జరిగిన ఒకే ఒక్క చోట వేలు పెట్టి నొక్కితే "అక్కడే" అని అరుస్తాం. ఈ లక్షణాలన్నీ కుదిరితే ఎక్స్‌రే లేకుండానే జబ్బు పేరు చెప్పవచ్చు. స్కానింగ్ చేస్తే పట్టీ మందం 4 మిల్లీమీటర్లు దాటి కనిపిస్తుంది.

ఇక్కడ రెండు అపార్థాలు చాలా కాలంగా పాతుకుపోయి ఉన్నాయి. ఒకటి పేరులోనే ఉంది. వైద్యంలో పేరు చివర 'ఐటిస్' అని ఉంటే అక్కడ వాపు, తాపం ఉన్నాయని అర్థం. 2003లో లెమాంట్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు కలిసి, శస్త్రచికిత్సలో తీసిన 50 మంది మడమ కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూశారు. తాపానికి గుర్తుగా ఉండాల్సిన కణాలు కనిపించలేదు. కనిపించింది పోగులు చెదిరిపోవడం, అరుగుదల. నులక మంచం ఏళ్ల తరబడి వాడితే నులక పోగులు పోగులుగా వదులైనట్టు అన్నమాట. అందుకే ఇప్పుడు చాలామంది దీన్ని ఫేషియోసిస్ (పట్టీ అరుగుదల) అనో, అరికాలి మడమ నొప్పి అనో అంటున్నారు. పేరు మారితే ఏమవుతుంది అనిపించవచ్చు. నెలల తరబడి మింగే నొప్పి బిళ్లలు తాపాన్ని తగ్గించడానికి చేసినవి. అక్కడ తాపమే పెద్దగా లేకపోతే అవి ఆ పూటకు నొప్పిని మరిపిస్తాయి, కడుపులో మంట మిగులుస్తాయి. పట్టీని బాగుచేసే పని మాత్రం జరగదు.

రెండో అపార్థం ఆ ఎముక మొన. అది ముల్లులా గుచ్చుకోవడం వల్లే నొప్పి వస్తుందని అనుకోవడం చాలా సహజం. ఇంగ్లీషులో దాని పేరే స్పర్, అంటే ముల్లులాంటి మొన. పైగా ఎక్స్‌రేలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కానీ ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లో కూడా ఈ మొన బోలెడంత మందికి కనిపిస్తుంది, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ మందికి. తీవ్రమైన మడమ నొప్పి ఉన్నా మొన లేనివాళ్లూ ఉన్నారు. అది పెరిగే చోటు కూడా చాలాసార్లు పట్టీలో కాదు, పట్టీకి పైన ఉండే చిన్న కండరాల మొదట్లో. దొంగతనం జరిగిన రాత్రి వీధిలో కనిపించాడన్న ఒక్క కారణంతో మనిషిని దొంగ అనలేం. ఎక్స్‌రేలో కనిపించిన మొన విషయంలోనూ అంతే.

మరి డాక్టర్లు ఎందుకు అలా అంటారు? వాళ్లను తప్పుపట్టడం తేలిక, కానీ అది న్యాయం కాదు. మడమ నొప్పితో వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి పట్టీ సమస్యే ఉంటుంది. వాళ్లలో ఎక్కువ మందికి ఏడాది లోపు తగ్గిపోతుంది. బయట 60 మంది కూర్చుని ఉన్నప్పుడు, పదిసార్లలో ఎనిమిదిసార్లు నిజమయ్యే ఊహతో మొదలుపెట్టడం తెలివైన పనే. ఇబ్బంది మిగిలినవాళ్లది. ఆరు నెలలైనా, ఏడాదైనా తగ్గనివాళ్ల విషయంలో ఆ మొదటి ఊహను ఎవరూ తిరిగి తెరిచి చూడరు. పాత చీటీలో ఉన్న పేరు కొత్త చీటీలోకి ఎక్కుతుంది. రెండుసార్లు రాసిన పేరును మూడో డాక్టరు అనుమానించరు. ఊహగా మొదలైనది నిర్ధారణగా మారిపోతుంది, మధ్యలో కొత్తగా తెలిసింది ఏమీ లేకుండానే.

మన భాషలో నిదానం అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఆయుర్వేదంలో నిదానం అంటే రోగ కారణాన్ని పట్టుకోవడం. సుశ్రుత సంహితలో దానికోసం నిదానస్థానం అని ఒక విభాగమే ఉంది. అడుగు వంకరగా పడటం వల్ల పాదంలో వచ్చే నొప్పిని అందులో వాతకంటకం అన్నారు. కంటకం అంటే ముల్లు. ఎక్స్‌రే లేని కాలంలోనూ రోగికి ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేదన్నమాట. మామూలు వాడుకలో నిదానం అంటే తొందరపడకపోవడం. దీర్ఘకాలపు నొప్పి దగ్గర ఈ రెండు అర్థాలూ ఒకదాన్నొకటి వదిలి ఉండలేవని నాకు అనుభవంలో తెలిసింది.

చిటికెనవేలు

నాకు మడమలో స్టెరాయిడ్ సూది వేశారు. ఐదు వారాలు హాయిగా నడిచాను. పిల్లల్ని తీసుకుని గుట్ట మీది గుడికి కూడా వెళ్లాను. ఆరో వారంలో నొప్పి తిరిగి వచ్చింది. "సూదికి తగ్గింది కాబట్టి జబ్బు అదే" అన్నారు. ఆ మాట సబబుగానే తోచింది. అందులో ఉన్న లోపం తర్వాత అర్థమైంది. మడమలో వేసిన మందు పట్టీ దగ్గరే ఉండిపోదు, చుట్టుపక్కల నరాల దాకా పాకి వాటినీ శాంతపరుస్తుంది. అందువల్ల సూదికి తగ్గినంత మాత్రాన నొప్పి ఫలానా చోటి నుంచే వచ్చిందని రుజువు కాదు. పైగా ఈ సూదుల ఉపశమనం సాధారణంగా కొన్ని వారాలదే. మళ్లీ మళ్లీ వేయిస్తే పట్టీ తెగే ప్రమాదం ఉంది, మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు పలచబడే ప్రమాదమూ ఉంది. రెండో సూదికి నేను ఒప్పుకోలేదు.

ఈలోగా నొప్పి తీరు మారింది. పొద్దుటి పోటు కొంచెం తగ్గింది, సాయంత్రపు మంట పెరిగింది. విశ్రాంతిగా పడుకున్నా ఒక్కోసారి చురుక్కుమనేది. తోటి ఉపాధ్యాయురాలి సలహాతో ఒక చిన్న పుస్తకంలో మూడు వారాలు రాసుకున్నాను: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎలాంటి నొప్పి, అంతకు ముందు ఏం చేస్తున్నాను. రాసినదంతా ఒకచోట చూసుకుంటే ఒక విషయం తేలింది. సెలవు రోజుల్లో పొద్దుటి పోటు మామూలుగానే ఉంది, మంట మాత్రం దాదాపు లేదు. సిమెంటు గచ్చు మీద ఆరు పీరియడ్లు నిలబడిన రోజుల్లో మంట రాత్రి దాకా ఉంది. ఒకే పేరు కింద రెండు నొప్పులు ఉన్నాయి.

ఆ పుస్తకం పట్టుకుని పునరావాస వైద్య నిపుణురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఎక్స్‌రే కవరు తీయకుండా పక్కన పెట్టి, చెప్పులు రెండూ విప్పమన్నారు. మూడేళ్లలో నా రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి చూసిన మొదటి డాక్టరు ఆవిడే. మడమను రెండు అరచేతుల మధ్య పెట్టి పక్కల నుంచి నొక్కారు. బొటనవేలు పైకి వంచారు. చీలమండ లోపలి గిలక వెనక వేలితో టకటకా తట్టారు. ఆ తర్వాత, "కాలి వేళ్లన్నీ విసనకర్రలా విప్పండమ్మా" అన్నారు. కుడి పాదంలో చిటికెనవేలు పక్కకు జరిగింది. ఎడమ పాదంలో జరగలేదు. నేను కళ్లు దానిమీదే పెట్టి, పళ్లు బిగించి ప్రయత్నించాను. అది నాది కానట్టు కదలకుండా పడి ఉంది. ఏళ్లుగా రోజూ కడుక్కుంటున్న పాదం, ఎప్పుడూ గమనించలేదు.

ఆవిడ వివరంగా చెప్పారు. పుట్టుకతోనే చిటికెనవేలిని పక్కకు జరపలేనివాళ్లు చాలామంది ఉంటారు, కాబట్టి ఆ ఒక్కదానితో ఏమీ తేల్చకూడదు. ఒక వైపు జరిగి, నొప్పి ఉన్న వైపు జరగకపోతే మాత్రం ఆలోచించాలి. చిటికెనవేలిని పక్కకు లాగే కండరానికి ఒక సన్నని నరం వెళ్తుంది. చీలమండ లోపలి వైపు నుంచి బయలుదేరి, మడమ లోపలి అంచున రెండు కండరాల మధ్య ఇరుకు సందులోంచి దూరి, మడమ ఎముకకు ముందు అడ్డంగా బయటి వైపుకు పోతుంది. ఎక్స్‌రేలో మొన కనిపించే చోటికి పక్కనే దాని దారి. దాన్ని బాక్స్టర్ నరం అంటారు. ఆ సందులో అది నలిగితే మడమ లోపలి అంచున మంట పుడుతుంది. ఈ నరం చర్మానికి కాకుండా ఎముక పైపొరకూ కండరానికీ వెళ్తుంది కాబట్టి, తిమ్మిరి లేకపోయినా నరం నలిగి ఉండవచ్చు. ఎంఆర్ఐ తీయించారు. చిటికెనవేలి కండరం చిక్కిపోయి, దాని స్థానంలో కొవ్వు చేరడం కనిపించింది. పట్టీ కూడా కొంచెం మందంగానే ఉంది.

అంటే మొదటి డాక్టరు చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. పట్టీ సమస్య ఉంది. నరం సమస్య కూడా ఉంది. మందమైన పట్టీ గానీ, ఆ మొన గానీ పక్కనున్న నరాన్ని ఇరికించే అవకాశమూ ఉంది. రెండింటికీ ఒకటే పేరు పెట్టి, ఒకదానికే వైద్యం చేయడం వల్ల రెండోది మూలన పడి పెరిగింది. నిర్ధారణను ప్రశ్నించడమంటే డాక్టరు తప్పని రుజువు చేయడమే అని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి అలా అనుకోవడం లేదు.

ఒకే మడమ, వేరువేరు కథలు

నాది ఒక తీరు. మడమ నొప్పి వేషంలో వచ్చేవి ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్నిటిని తొందరగా పట్టుకోకపోతే నష్టం పాదంతో ఆగదు.

అందరికంటే నాకు ఎక్కువ బెంగ కలిగించేది 20 నుంచి 40 ఏళ్ల మధ్య వయసువాళ్ల సంగతి. రెండు మడమలూ నొప్పి. పొద్దున్నే నడుం అరగంటకు పైగా పట్టేసి, అటూ ఇటూ తిరిగితే వదులుతుంది, పడుకుంటే మళ్లీ బిగుస్తుంది. తెల్లవారుజామున నడుం నొప్పికి మెలకువ వస్తుంది. ఎప్పుడో ఒకసారి కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయిన సంగతి ఉంటుంది, లేదా ఒంటి మీద సోరియాసిస్ మచ్చలు ఉంటాయి. వీటిని విడివిడిగా చూస్తే మడమకు ఎముకల డాక్టరు, కంటికి కంటి డాక్టరు, నడుముకు బెల్టు. కలిపి చూస్తే వెన్నుపూసలను పట్టే కీళ్లవాతం, అంటే స్పాండిలోఆర్థ్రైటిస్ అనే అనుమానం రావాలి. కండర బంధనాలు ఎముకను అంటుకునే చోట్లను ఈ జబ్బు పట్టుకుంటుంది. మడమ అలాంటి చోటే. ఇక్కడ తాపం నిజంగానే ఉంటుంది, పనిచేసే మందులూ ఉన్నాయి. ఏళ్ల ఆలస్యంలో వెన్ను వంగకుండా బిగుసుకుపోవచ్చు. వీళ్లు చూపించుకోవాల్సింది కీళ్లవాతాల డాక్టరుకు, అంటే రుమటాలజిస్టుకు. హెచ్‌ఎల్‌ఏ బీ27 అనే రక్తపరీక్ష ఆ ఆలోచనకు తోడ్పడుతుంది, ఒంటరిగా దేన్నీ తేల్చదు.

మధుమేహం ఉన్నవాళ్ల కథ వేరు. రెండు పాదాలూ, వేళ్ల చివరల నుంచి మొదలై పైకి, మేజోడు తొడిగినట్టు తిమ్మిర్లు, మంటలు. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఇది మడమ పట్టీ సమస్య కాదు, నరాల చివర్లు దెబ్బతినడం. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ బిళ్లలు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 విటమిన్ తగ్గి అదే మంట రావచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా అడగాలి. మన ఇళ్లలో మడమ శూలకు ఇటుకను కాల్చి, దానిమీద జిల్లేడాకులు పరిచి మడమ ఆనించే వైద్యం ఉంది. మా అమ్మ కూడా నాకు చేసింది, వేడికి కాసేపు హాయిగానే ఉంది. మధుమేహంతో పాదం స్పర్శ తగ్గినవాళ్లకు మాత్రం దయచేసి ఇది చేయకండి. వేడి ఎంతో వాళ్లకు తెలియదు. చర్మం కాలిన సంగతి మర్నాడు బొబ్బ చూశాకే తెలుస్తుంది, ఆ బొబ్బ పుండైతే ఒక పట్టాన మానదు. మధుమేహం ఉన్న మనిషి పాదం ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, వాస్తే, నొప్పి పెద్దగా లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. లోపల ఎముకలు నలుగుతూ ఉండవచ్చు.

అరికాలి స్పర్శ పోవడానికి మన దేశంలో గుర్తుంచుకోవాల్సిన ఇంకో కారణం కుష్ఠు. ప్రజారోగ్య సమస్యగా దాన్ని నిర్మూలించామని 2005 చివర్లో మన ప్రభుత్వం లెక్క తేల్చినా, కొత్త కేసులు రావడం ఆగలేదు. చీలమండ వెనక నుంచి అరికాలికి పోయే నరాన్ని అది దెబ్బతీస్తుంది. మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఇప్పుడు మడమ నొప్పికి మనందరికీ రాసిచ్చే మెత్తటి ఎంసీఆర్ (సూక్ష్మరంధ్రాల రబ్బరు) చెప్పుల చరిత్ర కూడా అక్కడే మొదలైంది. వేలూరులో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు, ఆయన బృందం స్పర్శ లేని పాదాలకు పుండ్లు పడకుండా ఆ రబ్బరుతో చెప్పులు చేయించారు.

పోలీసు ఉద్యోగాల శారీరక పరీక్షలో 1600 మీటర్ల పరుగు కోసం ఉన్నట్టుండి రోజూ తారు రోడ్డు మీద పరిగెత్తడం మొదలుపెట్టిన యువకులకు, ముట్లుడిగాక ఎముక పలచబడిన స్త్రీలకు మడమ ఎముకలోనే సన్నని బీట రావచ్చు. ఆ బీట ఉంటే మడమను పక్కల నుంచి నొక్కినప్పుడు ప్రాణం పోయినంత నొప్పి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. అలాంటి మడమకు సాగదీసే వ్యాయామాలు చేయిస్తే మేలు కాదు, కీడు. పెద్ద వయసులో మడమ కింది కొవ్వు మెత్త అరిగితే నొప్పి లోపలి అంచున ఉండదు, సరిగ్గా మడమ నడిమధ్యన ఉంటుంది, గచ్చు మీద వట్టికాళ్లతో నడిస్తే రాయి మీద నడిచినట్టు ఉంటుంది. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, పాదం చల్లగా ఉంటే రక్తనాళాలు చూపించుకోవాలి. నడుం నుంచి పిక్క మీదుగా మడమకు దిగే నొప్పి వెన్నులో నలిగిన నరానిది కావచ్చు. రాత్రి నిద్రలో లేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, మానని పుండు ఉంటే ఏడాది కాదు, వారం కూడా ఆగకూడదు.

ఏమని అడగాలి

డాక్టరు గదిలో మనకు దొరికేది కొద్ది నిమిషాలు. ఇంటర్నెట్‌లో చదివిన జబ్బు పేర్లు చెబితే ఆ నిమిషాలు వాదనలో పోతాయి. నొప్పి తీరు చెబితే పనిలోకి వస్తాయి. నా అనుభవంలో అన్నిటికంటే పనిచేసిన ప్రశ్న ఇది: "ఇది కాకపోతే ఇంకేమై ఉండవచ్చు?" దాని వెనకే ఇంకొకటి: "మీరు చెప్పిన జబ్బుకు నా లక్షణాల్లో కుదరనిది ఏదైనా ఉందా?" ఈ రెండిట్లో ఎక్కడా అవమానం లేదు, సవాలు లేదు. మంచి డాక్టర్లు ఆగి ఆలోచిస్తారు. మూడోది గడువు: "ఎన్ని వారాల్లో, ఎంత తగ్గాలి? తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం?" గడువు లేని వైద్యంలో నొప్పి తగ్గిందో లేదో ఎవరూ తేల్చరు.

అడగడానికి ముందు మన వైపు చూసుకోవాల్సింది కూడా ఉంది. రాసిచ్చిన వ్యాయామాన్ని నేను మొదటి ఏడాది ఎన్ని రోజులు చేశాను? నిజం చెప్పాలంటే వరుసగా పది రోజులు చేసిన గుర్తు లేదు. వైద్యం జరగకపోతే, వైద్యం ఫలించలేదని నిర్ధారణను అనుమానించడం సరికాదు. అరుగుదల వచ్చిన పట్టీ విశ్రాంతితో గట్టిపడదు, కొలిచి వేసిన బరువుతో గట్టిపడుతుంది. 2014లో డెన్మార్క్ పరిశోధకులు 48 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి నాకు బాగా నచ్చింది. తువ్వాలు చుట్టి కాలి వేళ్ల కింద పెట్టుకుని, మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, మూడు సెకన్లలో మడమ ఎత్తి, రెండు సెకన్లు నిలిపి, మూడు సెకన్లలో దించడం. రోజు విడిచి రోజు. అలవాటయ్యే కొద్దీ వీపు మీద సంచిలో పుస్తకాలు వేసుకుని బరువు పెంచడం. మూడు నెలలకు, సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవాళ్లకంటే వీళ్లు మెరుగ్గా ఉన్నారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు సమానమయ్యాయి. తొందరగా తేరుకోవడానికి ఇది ఒక దారి అని మాత్రమే దీని అర్థం. నాలాగా నరం కూడా నలిగి ఉంటే ఎంత బరువు, ఎప్పుడు అన్నది ఫిజియోథెరపిస్టును అడిగి చేయాలి. వేల రూపాయలు పోసి కొలతలు ఇచ్చి చేయించుకునే చెప్పు అట్టలు, దుకాణంలో దొరికే మామూలు మెత్తటి అట్టలకంటే ఎక్కువ మేలు చేస్తాయని పరిశోధనల్లో తేలలేదు. ఇది ముందే తెలిసి ఉంటే నాకు ఒక నెల జీతంలో కొంత మిగిలేది.

ఇంకో వైపు ప్రమాదం కూడా చెప్పాలి. ప్రశ్నించడం అలవాటైతే ఆగడం కష్టం. నలుగురు డాక్టర్లు, రెండు ఎంఆర్ఐలు, ప్రతి రిపోర్టులో ఒక కొత్త పదం. ఎక్స్‌రేలో మొన ఎలా నొప్పి లేనివాళ్లకూ కనిపిస్తుందో, ఎంఆర్ఐలో కనిపించే చిన్న చిన్న తేడాలూ అంతే. కాలు చెప్పే మాటతో సరిపోలితేనే రిపోర్టుకు విలువ. మూడు నెలలు దాటిన నొప్పిలో మరో సంగతి కూడా కలుస్తుంది. అన్నాళ్లు నొప్పి సంకేతాలు మోసిన వెన్నుపాము, మెదడు వాటిని పెద్దవి చేసి వినడం నేర్చుకుంటాయి. పాదంలో గాయం మానుతున్నా నొప్పి మిగలవచ్చు. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనం ప్రకారం, కణజాలం దెబ్బతిన్నప్పుడు కలిగే అనుభవం లాంటిదే అయితే, దెబ్బ కనిపించకపోయినా అది నొప్పే. "అంతా నీ మనసులోనే ఉంది" అని ఎవరైనా అంటే, దానికి శాస్త్రం మద్దతు లేదు. నిద్ర, భయం, అలసట నొప్పిని పెంచుతాయన్నది వేరు, నొప్పే లేదనడం వేరు.

నిలబడి చేసే పనుల గురించి ఒక మాట. బట్టల దుకాణాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోకుండా పనిచేసేవాళ్ల కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించి, కూర్చునే హక్కు ఇచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద పెద్ద బట్టల దుకాణాలు ఉన్నాయి. ఆ పాలరాతి నేల మీద నిలబడి చీరలు విప్పి చూపించే అమ్మాయిల మడమల గురించి ఇక్కడా ఆలోచించాలి. ఎంత మంచి నిర్ధారణ జరిగినా, రోజుకు పది గంటలు గట్టి నేల మీద నిలబడక తప్పని మనిషికి డాక్టరు రాసే విశ్రాంతి కాగితం మీదే ఉంటుంది.

నా తరగతి గదిలో ఇప్పుడు ఎత్తు స్టూలు ఒకటి ఉంది. ప్రధానోపాధ్యాయురాలు అడగ్గానే ఒప్పుకున్నారు. నల్లబల్ల దగ్గర పది నిమిషాలు, స్టూలు మీద పది నిమిషాలు. ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవడం మానేశాను. పూజగది గడప దగ్గర మాత్రం చెప్పులు విడుస్తాను. పొద్దుటి పోటు వారంలో రెండు మూడు రోజులకు తగ్గింది. మంట ఇంకా ఉంది, కానీ రాత్రి నిద్ర పాడు చేయడం లేదు. నరాన్ని వదులు చేసే శస్త్రచికిత్స గురించి డాక్టరుగారు ఒకసారి ప్రస్తావించి, ఆరు నెలల గడువు పెట్టారు. నాలుగు నెలలు అయ్యాయి. చిక్కిపోయిన కండరం తిరిగి పుంజుకుంటుందా అని అడిగితే, కొవ్వు చేరిన భాగం తిరిగి రావడం కష్టమని, మిగిలినదాన్ని కాపాడుకోవడమే ఇప్పటి పని అని ఉన్నమాట చెప్పారు. రాత్రి పడుకునే ముందు మంచం మీద కూర్చుని రెండు పాదాల వేళ్లూ విప్పి చూసుకుంటాను. కుడి చిటికెనవేలు వెంటనే పక్కకు జరుగుతుంది. ఎడమది ఇంకా అలాగే ఉంది. ఆ సంగతి పుస్తకంలో తేదీ వేసి రాస్తాను.